ఆల్ఫా రోమియో హెడ్‌లైట్ల కోసం 401కె మీద అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. న్యూజెర్సీలో హెచ్1బీ వీసా మీద పనిచేస్తున్నాను. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే పిటిషన్) ఆమోదం పొంది గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాను. నా భార్య హెచ్4 ఈఏడీతో (హెచ్1బీ ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతితో) ఉద్యోగం చేస్తోంది. ఇద్దరు చిన్నపిల్లలు. ఇంటి వాయిదా, గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు పంపే 500 డాలర్లతో కలిపి నెల ఖర్చు 7,200 డాలర్లు. అది పోగా 2,100 మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో 9,400 ఉన్నాయి. నిరుడు 1969 నాటి ఆల్ఫా రోమియో 1750 స్పైడర్ వెలోచే కొన్నాను. అందుకోసం 50,000 పరిమితి ఉన్న హోమ్ ఈక్విటీ లైన్ (ఇంటి తాకట్టు మీద, కావలసినప్పుడు వాడుకునే అప్పు) నుంచి 17,500 వాడాను. ఇప్పుడు దానికి అసలైన ఇటాలియన్ కారెల్లో హెడ్‌లైట్లు, వాటి మీద పారదర్శకమైన మూతలు పెట్టించాలని ఉంది. దీపాలకు 1,900, మూతలకు, క్రోమ్ అంచులకు 1,500, ముందు భాగం డెంటింగ్-పెయింటింగ్‌కు 6,400, వైరింగుకు 1,200, రవాణాకు, సుంకానికి 1,000, మొత్తం 12,000 అవుతుందన్నారు. దీన్ని నా 401కె (కంపెనీ ద్వారా కూడబెట్టే పదవీ విరమణ ఖాతా) మీద అప్పుగా తీసుకుంటే వడ్డీ కూడా నాకే తిరిగి వస్తుంది కదా? అత్యవసరానికి హోమ్ ఈక్విటీ లైన్లో ఇంకా 32,500 ఉన్నాయి. కారు విలువ కూడా పెరుగుతుంది. మీ సలహా ఏమిటి?

జవాబు: తీసుకోవద్దు. మీకు నా సమాధానం ఆ ఒక్క మాటే అయినా, మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం హెడ్‌లైట్లు కావు, చివర్లో మీరు తేలిగ్గా రాసిన "అత్యవసరానికి ఇంకా 32,500 ఉన్నాయి" అన్న వాక్యం. ఆ డబ్బు మీకు లేదు. బ్యాంకు మీకు ఇంకా ఎంత అప్పు ఇవ్వగలదో చెప్పే అంకెను మీరు పొదుపు కింద లెక్క వేసుకున్నారు. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన కుటుంబాల్లో, మంచి జీతాలు ఉన్నవారిలో కూడా, ఈ పొరపాటు నాకు పదేపదే కనిపిస్తోంది. అందులోనూ హెచ్1బీ మీద ఉన్నవారు ఈ పొరపాటు చేయడం మిగతా వారు చేయడం కంటే చాలా ప్రమాదకరం.

మీ ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి లెక్క వేద్దాం. 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఉద్యోగం ముగిశాక కొత్త యజమాని మీ తరఫున దరఖాస్తు చేయడానికో, మీరు వేరే వీసా హోదాకు మారడానికో, దేశం విడిచి వెళ్లడానికో గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో తెలిపే పత్రం) గడువు అంతకంటే ముందే ముగిస్తే అంత కూడా ఉండదు. మీ భార్య ఉద్యోగానికి అనుమతి మీ హెచ్1బీ హోదా మీదే ఆధారపడి ఉంది కాబట్టి, "ఒకరి జీతం పోయినా మరొకరిది ఉంటుంది" అన్న ధైర్యం మీ ఇంట్లో నిలవదు. రెండు జీతాలున్నా, రెండూ వేలాడుతున్నది ఒకే కొక్కెం మీద. కంపెనీ ఆరోగ్య బీమాను, ఉద్యోగం పోయాక కూడా ఉంచుకోనిచ్చే కోబ్రా చట్టం కింద కొనసాగించవచ్చు కానీ, అంతవరకు యజమాని భరించిన భాగాన్ని కూడా కలిపి మొత్తం ప్రీమియం, దాని మీద 2 శాతం వరకు నిర్వహణ ఖర్చు మీరే కట్టాలి. కుటుంబానికి అది నెలకు 2,000 డాలర్లు దాటడం అరుదేమీ కాదు. మీ 7,200కు ఆ 2,000 కలిపి, ఉద్యోగం లేనప్పుడు డేకేర్ మానేస్తే తగ్గే ఖర్చు సుమారు 1,500 అనుకుని తీసివేస్తే నెలకు 7,700 కావాలి. మీ దగ్గర ఉన్న 9,400 డాలర్లు 37 రోజులకు వస్తాయి. చట్టం ఇచ్చిన 60 రోజుల గడువులో మిగిలిన 23 రోజులు మీరు దేనితో బతుకుతారు? నలుగురికి విమాన టిక్కెట్లు కొనవలసి వస్తే, సామాను పంపవలసి వస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?

"హోమ్ ఈక్విటీ లైన్ నుంచి" అని మీరు అంటారు. ఇంటి విలువ గణనీయంగా తగ్గినా, మీ ఆర్థిక పరిస్థితి మారి మీరు తీర్చలేరని బ్యాంకు సహేతుకంగా భావించినా, వాడుకోని పరిమితిని స్తంభింపజేయడానికి, తగ్గించడానికి దానికి చట్టబద్ధమైన అధికారం ఉంది. 2008 సంక్షోభం తరువాత ఎన్నో బ్యాంకులు ఆ అధికారాన్ని వాడాయి. ఉద్యోగాలు పెద్దఎత్తున పోయే కాలమే ఇళ్ల ధరలు పడిపోయే కాలం కూడా కావచ్చు కనుక, మీకు ఆ లైన్ అత్యంత అవసరమైన నెలలోనే అది మూతపడే అవకాశం ఎక్కువ. ఒకవేళ తెరిచే ఉన్నా, జీతం లేని స్థితిలో మారే వడ్డీకి ఇంటిని తాకట్టు పెట్టి బియ్యం, పాలు కొనుక్కోవడమే అవుతుంది. చివరికి దేశం విడిచి వెళ్లవలసి వస్తే ఆ ఇంటిని తొందరలో, వచ్చిన ధరకు అమ్మవలసి వస్తుంది. ఆ లైన్ మీద ఇప్పటికే 17,500 ఉన్న మీరు దాన్ని ఆపద్ధర్మంగా కూడా లెక్కలోకి తీసుకోకూడదు.

ఇక 401కె అప్పు. "వడ్డీ నాకే తిరిగి వస్తుంది" అన్న మాట ఆఫీసుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకే మాట, అందులో సగమే నిజం. మీరు తీసిన 12,000 ఆ కాలమంతా పెట్టుబడిలో ఉండదు, మీరు కట్టే వాయిదా పన్ను కట్టిన జీతంలోంచి పోతుంది. ఐదేళ్లకు, 8 శాతం వడ్డీకి వేసుకున్నా, నెలకు సుమారు 240 డాలర్లు కోత పడి, మీకు మిగిలే 2,100 కాస్తా 1,860 అవుతుంది. అయితే నన్ను కలవరపెట్టేది అది కాదు. ఉద్యోగం వదిలినా, పోయినా సాధారణంగా ఆ అప్పు బాకీ మొత్తం ఒకేసారి మీద పడుతుంది. ఆ సంవత్సరపు పన్ను రిటర్ను గడువులోగా, అంటే మరుసటి ఏప్రిల్ 15 నాటికి, పొడిగింపు తీసుకుంటే అక్టోబరు 15 నాటికి, ఆ మొత్తాన్ని తిరిగి పదవీ విరమణ ఖాతాలో జమ చేయలేకపోతే దాన్ని మీరు ముందుగా తీసేసుకున్న సొమ్ముగా పరిగణిస్తారు. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే, 12,000 మీద ఫెడరల్ పన్ను 2,640, ముందుగా తీసినందుకు 10 శాతం జరిమానా 1,200, వెరసి 3,840 డాలర్లు. రాష్ట్రపు పన్ను దీనికి అదనం. అంటే ఏ సంఘటన మీ జీతాన్ని ఆపుతుందో, అదే సంఘటన మీ వీసా గడియారాన్ని నడిపిస్తుంది, హోమ్ ఈక్విటీ లైన్‌ను బిగిస్తుంది, 401కె అప్పును కూడా మీ గుమ్మం ముందు నిలబెడుతుంది. పిల్లల ఆపరేషన్ కోసం ఇలాంటి అప్పు అడిగి ఉంటే కూర్చుని మార్గం వెతికేవాడిని. 55 ఏళ్లు దాటిన కారు ముఖానికి రంగు వేయించడానికి ఇద్దరు పిల్లల తండ్రి ఇలాంటి అప్పును "ఖర్చు లేని అప్పు" అనుకోవడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

కారు విలువ పెరుగుతుందన్న మీ వాదన కూడా పరీక్షకు నిలవదు. మీరు "అసలైన" హెడ్‌లైట్లు అంటున్నవి యూరప్‌లో అమ్మిన కార్లకు అసలైనవి. అమెరికాలో 1940 నుంచి సీల్డ్ బీమ్, అంటే అద్దం, రిఫ్లెక్టర్, ఫిలమెంటు కలిసి ఒకే ముద్దగా ఉండే దీపం, తప్పనిసరిగా ఉండేది. బల్బు విడిగా మార్చుకునే దీపాలకు అనుమతి వచ్చింది 1983లో. హెడ్‌లైట్ల ముందు మూతలను 1968 జనవరి నుంచి ఫెడరల్ భద్రతా ప్రమాణాలు నిషేధించాయి. 1966లో జెనీవాలో తొలిసారి చూపినప్పుడు పినిన్‌ఫరీనా గీసిన ఆ ముఖానికి మూతలే అందమని నేనూ ఒప్పుకుంటాను. కానీ మీ కారు అమెరికా మార్కెట్ కోసం తయారైన 1969 మోడల్ అయితే, అది ఫ్యాక్టరీ నుంచి సీల్డ్ బీమ్‌లతో, మూతలు లేకుండానే వచ్చి ఉండాలి. అలాంటి కారుకు మీరు చేయించబోయేది పునరుద్ధరణ కాదు, మార్పు. కొందరు కొనుగోలుదారులు దాన్ని ఇష్టపడతారు, ఫ్యాక్టరీ స్థితినే కోరేవారు ధర తగ్గించి అడుగుతారు. మిలాన్ దగ్గరి అరేజెలో ఉన్న ఆల్ఫా రోమియో డాక్యుమెంటేషన్ కేంద్రం చాసిస్ నంబరును బట్టి కారు ఎప్పుడు తయారైందో, ఏ దేశానికి పంపారో తెలిపే ధ్రువపత్రం ఇస్తుంది. 12,000 గురించి ఆలోచించే ముందు చేయవలసిన చిన్న ఖర్చు అదే. విలువ నిజంగా పెరిగినా, 60 రోజుల్లో సరైన ధరకు అమ్ముడయ్యే వస్తువు కాదు పాత స్పైడర్. లాభానికి అమ్మితే పన్ను కట్టాలి, సొంతానికి వాడుకున్న కారును నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్నులో చూపుకోలేరు.

మీ అంచనా చిట్టాలో ఇప్పుడే చేయవలసిన పని ఒకటే ఉంది, అది వైరింగు. ఆ కాలపు చాలా ఇటాలియన్ కార్లలో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం రిలే (దీపానికి కరెంటును నేరుగా అందించే సహాయక స్విచ్చి) లేకుండా పాత స్విచ్చి గుండానే ప్రవహించేది. ఫ్యూజు పెట్టెలో కొనదేలిన చిన్న ఫ్యూజులు పట్టే చోట తుప్పు పేరుకుంటుంది. దానితో వోల్టేజి పడిపోయి దీపం మసకబారుతుంది, తీగ వేడెక్కుతుంది. మీకు కాంతి చాలడం లేదంటే సగం నేరం దీపానిది కాకపోవచ్చు. 45/40 వాట్ల పాత బల్బు స్థానంలో 60/55 వాట్ల, హెచ్4 అనే రకం హాలోజెన్ బల్బు పెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే, రిలేలు, కొత్త తీగలు వేయించకుండా ఒప్పుకోవద్దు. ఆ 1,200 డాలర్లు వచ్చే నెల మిగులులోంచి ఇవ్వండి, భద్రతకు పెట్టే ఆ ఖర్చుకు నా అభ్యంతరం లేదు. డెంటింగ్-పెయింటింగ్ 6,400 అన్నది మాత్రం రంగు గీకకముందు చెప్పిన అంకె. హెడ్‌లైట్ గిన్నెల లోపల, ఫెండర్ల వెనుక మట్టి, తేమ చేరి తుప్పు దాగి ఉండటం ఈ కార్లలో మామూలే కనుక అది పెరిగే అంకె. పరిమితి తెలియని పనికి అప్పు తెచ్చిన సొమ్ముతో దిగితే మధ్యలో ఆపలేరు, ఇంకో అప్పు చేస్తారు.

ఎప్పుడైనా కారెల్లో దీపాలు కొంటే, ఇంగ్లండు నుంచి వచ్చే జతను చూసి తొందరపడవద్దు. ఎడమ వైపు నడిచే వాహనాల కోసం చేసిన అద్దం డిప్‌లో కాంతిని ఎడమకు ఎత్తుతుంది. అదే అద్దం అమెరికా రోడ్డు మీద ఎదురుగా వచ్చేవారి కళ్లలోకి కొడుతుంది. రిఫ్లెక్టరు నల్లబడి ఉంటే క్రోమ్ పూత వేయించవద్దు. అది మెరుస్తుంది కానీ అల్యూమినియం కంటే చాలా తక్కువ కాంతిని వెనక్కి పంపుతుంది. వెండి పూత అన్నిటికంటే బాగా పనిచేసినా గాలి తగిలి నల్లబడుతుంది కాబట్టి, వ్యాక్యూమ్ పద్ధతిలో వేసే అల్యూమినియం పూత మేలు.

ఇక మీరు చేయవలసిన క్రమం. మొదటి నెల వైరింగు ఖర్చు పోగా మిగిలినదాన్ని, ఆ తరువాత 2,100 మొత్తాన్ని, ప్రతి నెలా జీతం పడిన రోజే, కారుకు గానీ ఇంటికి గానీ సంబంధం లేని ఒక హై-యీల్డ్ సేవింగ్స్ ఖాతాకు మళ్లించండి. నాలుగు నెలల్లోపు రెండు నెలల ఖర్చు, 15,400, చేతికి వస్తుంది. అంతవరకు కారుకు పెట్రోలు, బీమా తప్ప మరేదీ పెట్టవద్దు. ఆరు నెలల ఖర్చు 46,200. వైరింగుతో కలిపి చూస్తే అక్కడికి చేరడానికి సుమారు 18 నెలలు పడుతుంది. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న కుటుంబానికి ఆరు నెలలకు తక్కువ నేను ఒప్పుకోను. బోనస్ వస్తే అది కూడా ఇక్కడికే. అమ్మానాన్నలకు పంపే 500 తగ్గించవద్దు, కానీ వారికి ఆరోగ్య బీమా లేకపోతే, ఉండీ చాలకపోతే, ఆసుపత్రి బిల్లు కూడా ఈ నిధి మీదే పడుతుందని గుర్తించి ముందు దాన్ని సరిచేయండి. కంపెనీ జత కలిపే మేరకు 401కెలో వేసే సొమ్ము తప్ప, షేర్లు, పిల్లల చదువు కోసం 529 ఖాతా వంటి వాటిని ఈ 18 నెలలు పక్కన పెట్టవచ్చు.

నిధి నిండాక నెలకు 1,050 హోమ్ ఈక్విటీ లైన్ తీర్చడానికి, మరో 1,050 హెడ్‌లైట్లకు విడదీయండి. మిగిలిన 10,800 సుమారు 11 నెలల్లో అప్పు లేకుండా సమకూరుతుంది. ఈలోగా కారు బీమా మార్కెట్ విలువ ప్రాతిపదిక మీద ఉంటే, పాత కార్లకు ఇచ్చే, ముందే ఒప్పుకున్న విలువ పాలసీకి మార్చండి. మూతలు బిగించే రోజు వస్తే, ఆ మార్పును బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి, మీ రాష్ట్ర నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో కనుక్కున్నాకే రాత్రిపూట రోడ్డెక్కండి. రాత్రి ప్రమాదం జరిగితే నిబంధనలకు విరుద్ధమైన దీపాలు అవతలి లాయరు చేతికి ఆయుధం అవుతాయి. మీ జీవిత బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. అది కంపెనీ ఇచ్చినదే అయితే సాధారణంగా ఉద్యోగంతో పాటే పోతుంది కనుక, మీ ఇద్దరి పేర్ల మీద సొంతంగా టర్మ్ పాలసీకి దరఖాస్తు ఈ నెలలోనే పెట్టండి. ఏ దేశంలో నివసించినా అది కొనసాగుతుందా లేదా అన్నది సంతకం చేయకముందే అడిగి, సమాధానం రాతలో తీసుకోండి.