కోనాం, వంజరం ఒకటే, సూర-సొర మాత్రం వేరు

చేపల్లో కోనాం, వంజరం ఒకటేనా, సూర అన్నా సొర అన్నా ఒకటేనా అని అడిగారు కదా. మాది భీమిలి వైపు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా, అందుకే ఈ పేర్ల గోల రెండు చోట్లా పడ్డాను.

మొదటిది ఈజీ, ఒకటే. వైజాగ్ వాళ్ళు కోనాం అంటారు, మిగతా చోట్ల ఎక్కువగా వంజరం. కాకపోతే అందులోనే రెండు రకాలొస్తాయి, ఒంటి మీద నిలువు చారలుండేది బాగా పెద్దగా పెరుగుతుంది, గుండ్రటి మచ్చలుండేది కాస్త చిన్నది, రేటు అడిగే ముందు ఏదో చూసుకోండి.

అసలు తిరకాసంతా సూర దగ్గరే. మా వైపు సూర అంటే ట్యూనా, సొర అంటే షార్క్. పైగా చెన్నైలో షార్క్‌ని సురా అంటారు, అక్కడి నుంచి వచ్చినవాళ్ళు మన సూరని చూసి అదే అనుకుంటారు. గుర్తుపట్టడం కష్టం కాదులెండి, సూర కోస్తే మాంసం ఎర్రగా ఉంటుంది, సొర చర్మం గరుకు కాగితంలా చేతికి తగులుతుంది. పాలసొర అయితే మా ఇళ్ళల్లో బాలింతలకి ప్రత్యేకంగా వండి పెడతారు, పాలు బాగా పడతాయని నమ్మకం. సూర మాత్రం ఐస్‌లో సరిగ్గా పెట్టనిది కొనొద్దు, తిన్నాక మొహం ఎర్రబడి ఒళ్ళంతా దురదలొస్తాయి, వండినా ఆ దోషం పోదు.

ఇవి ఉత్త లోకల్ పేర్లే కదా అని తీసిపారేయకండి. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు విశాఖపట్నంలో 200 చేపలకి బొమ్మలేయించి ఇక్కడి పేర్లతోనే 1803లో పుస్తకం వేశాడు, మన కానాగంతల (ఇంగ్లీషులో మ్యాకెరెల్) సైంటిఫిక్ పేరు చివర ఇప్పటికీ కనగుర్త అనే ఉంటుంది, సావళ్ళలో (రిబ్బన్ ఫిష్) ఒక రకానికి సవల అని ఉంటుంది. నాకైతే ఇది భలే గర్వంగా ఉంటుంది.

ఇక హైదరాబాద్‌లో కొనేటప్పుడు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకి వేట నిషేధం. ఆ రెండు నెలల్లో "వైజాగ్ కోనాం, పొద్దున్నే వచ్చింది" అంటే నేనైతే నమ్మను. ముక్కలు కొట్టేసి పెట్టింది వద్దని చెప్పి మొత్తం చేప చూపించమనండి, మొప్పలెత్తి చూసి, మీ ముందే కొట్టించుకోండి.