పెళ్లిపత్రిక మీద పి.పి.

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్లిపత్రిక బయటపడింది సార్. 1984 నాటిది. కింద మూడంకెల ఫోన్ నంబరు, పక్కన పి.పి. అని ఉంది. ఆ ఫోన్ గంజ్‌లో ఒక అడ్తి సేటుదట. మా తాత ఫోన్‌కు డబ్బు కట్టి ఏడేళ్లు ఎదురుచూశాడట. తీగ లాగడానికి ఏడేళ్లా?
– ఓ పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ఆపరేటర్ ద్వారా వేరే ఊరికి చేసే ఫోన్‌ను ట్రంకు కాల్ అనేవాళ్లు. అందులో ఫలానా మనిషే లైన్లోకి రావాలని చెప్పి బుక్ చేసేదాన్ని పర్టిక్యులర్ పర్సన్ కాల్, పొట్టిగా పి.పి. అనేవాళ్లు. పెళ్లిపత్రికల మీదికి వచ్చేసరికి దాని అర్థం 'ఫోన్ మాది కాదు, మమ్మల్ని పిలవమనండి' అని.

తీగ లాగడం ఒక్కపూట పనమ్మా. స్తంభాలెక్కినవాణ్ణి, నాకు తెలుసు. చిక్కంతా ఊళ్లోని లైన్లను ఒకదానితో ఒకటి కలిపే ఎక్స్ఛేంజ్‌లో. నేను పనిలో చేరినప్పుడు మాది స్ట్రోజర్ రకం. మీరు డయల్ మీద 5 తిప్పితే లోపల స్విచ్చు టకటకమని ఐదు మెట్లు ఎక్కేది. ఎండాకాలం దుమ్ముకు కాంటాక్టులు పట్టేస్తే తుడుస్తూ కూర్చునేవాళ్లం. ఉన్న లైన్లు నిండాయంటే కొత్త ర్యాకు బెంగళూరులోని ప్రభుత్వ ఫోన్ యంత్రాల ఫ్యాక్టరీ ఐటీఐ నుంచి రావాలి, కేబులేమో హిందుస్థాన్ కేబుల్స్ నుంచి. ఒకటొస్తే ఇంకోటి రాదు. ఫోనంటే షావుకార్ల సోకు అనుకునే రోజులు కాబట్టి ప్రణాళికల్లో డబ్బూ అంతంతే.

మరి కొత్త యంత్రాలు తేలేదా అంటే, తెచ్చారు. 1960లలోనే బెల్జియం కంపెనీ లైసెన్సుతో ఐటీఐలో క్రాస్‌బార్ అనే కొత్తరకం ఎక్స్ఛేంజీల తయారీ మొదలైంది. అవి మన వాడకానికి తట్టుకోలేదు. ఇంటికో ఫోనుండి, రోజుకు నాలుగు మాటలు మాట్లాడుకునే దేశాల లెక్క అది. మన దగ్గర సేటు ఫోనొక్కటే బజారు బజారంతటికీ ఫోను! పొద్దున హైదరాబాద్‌లో బత్తాయి రేటు, మధ్యాహ్నం బొంబాయికి పనికి పోయిన కొడుకు క్షేమం, సాయంత్రం మీ నాన్నగారి పెళ్లి కబురు, అన్నీ దాంట్లోనే. మీ పత్రిక మీది ఆ రెండక్షరాలను ఎవరైనా లెక్కలోకి తీసుకుని ఉంటే ఆ యంత్రాన్ని అలాగే తెచ్చేవారు కాదని నా అభిప్రాయం.

డిజిటల్ ఎక్స్ఛేంజీలకు 1982లో ఫ్రాన్స్ కంపెనీతో ఒప్పందమైంది. 1984లో మన ఎక్స్ఛేంజీలు మనమే తయారుచేసుకోవాలని శాం పిట్రోడా వాళ్ల ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీ-డాట్ మొదలైంది. వాళ్లు చేసిన 128 పోర్టుల (అంటే లైన్లు తగిలించే చోట్ల) చిన్న ఎక్స్ఛేంజ్‌ను 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. దానికి ఏసీ గది అక్కర్లేదు. మన ఎండలు తెలిసినవాళ్లు చేసిన యంత్రమని మాకు చూడగానే అర్థమైంది. బీరువా అంత పెట్టె, టకటకలు లేవు. మొదట్లో ఆ నిశ్శబ్దానికి టెన్షన్ పడి, పనిచేస్తోందో లేదోనని మాటిమాటికీ రిసీవర్ ఎత్తి చూసేవాణ్ణి.

మీ తాతగారికి ఫోన్ వచ్చాక ఆ వీధి పెళ్లిపత్రికలు దొరికితే తీసి చూడండి. పి.పి. పక్కన ఆయన నంబరే ఉంటుంది.

ప్రశ్న: లైట్నింగ్ కాల్ అంటే ఏమిటి? మా మామయ్య తెగ చెబుతుంటాడు.
– ఓ పాఠకుడు, వనపర్తి

జవాబు: ట్రంకు కాల్‌లో అన్నిటికంటే ముందు కలిపేది. అర్జెంటుకు మామూలు రేటుకు రెట్టింపు, లైట్నింగ్‌కు ఎనిమిది రెట్లు. చావు కబురుకు తప్ప దాన్ని బుక్ చేసినవాళ్లను నేను చూడలేదు. అదీ అరగంటకు గానీ కలవని రోజులున్నాయి.