కంటికి కనిపించిన తప్పు, చెవికి వినిపించిన తప్పు

అమ్మాయీ,

నువ్వు పాడి, కంప్యూటర్‌లో ఎడిట్ చేసి పంపిన పాట ప్రాజెక్ట్ ఫోల్డర్ తెరిచి చూశాను. పాటేమో నాలుగు నిమిషాలు కూడా లేదు. వోకల్ ట్రాక్‌లో, అంటే గొంతు రికార్డింగ్‌లో, కోసి అతికించిన కట్లు 180 దాకా లెక్కపెట్టి, ఇక నా వల్ల కాక వదిలేశాను. "నాలుగు రోజులుగా కూర్చున్నాను బాబాయ్, సరిచేసిన కొద్దీ పాడవుతోంది, టెన్షన్‌గా ఉంది" అని రాశావు కదా. పాడవకేం చేస్తుంది? నువ్వు సరిచేసినవాటిలో సగం అసలు తప్పులే కావు. స్క్రీన్ మీద తాళం చూపే గీతకి కాస్త అటూ ఇటూగా కనిపించాయి, పట్టుకుని లాగేశావు.

ముందు ఈ పని చెయ్యి. ఎడిట్ చేయని టేక్ (ఒక విడతలో పాడిన రికార్డింగ్) పెట్టుకుని, స్క్రీన్ ఆపేసి, కాగితం పెన్ను తీసుకుని పాట మొత్తం ఆపకుండా విను. ఏ మాట దగ్గర చెవి ఉలిక్కిపడిందో ఆ మాట రాసుకో. నేనూ నీ పాటకి అలాగే చేశాను. పదకొండు మాటలు వచ్చాయి. తమాషా ఏమిటంటే, అన్ని కట్లు వేసి కూడా అందులో రెండింటిని నువ్వు ముట్టుకోనేలేదు. వేవ్‌ఫామ్‌లో, అంటే స్క్రీన్ మీద శబ్దపు బొమ్మలో, అవి చక్కగా కనిపిస్తున్నాయి మరి!

ఇక అతుకుల దగ్గర వినిపిస్తోందని నువ్వు అడిగిన ఆ "టిక్, టిక్" సంగతి. తరంగం ఎత్తులో ఉండగా కోసి, పల్లంలో ఉన్న ఇంకో ముక్కకి అతికిస్తే స్పీకర్ ఒక్కసారిగా అక్కణ్ణుంచి ఇక్కడికి గెంతాలి. ఆ గెంతే నీకు టిక్‌మని వినిపిస్తోంది. తరంగం మధ్య గీతను దాటే చోట కోస్తే గెంతు ఉండదు. దానిమీద ఐదు పది మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా రెండోది పెరగడం) వేస్తే ఇంకా భద్రం. ఒకే టేక్‌ని కోసి మళ్ళీ అక్కడే కలిపితే ఈక్వల్ గెయిన్ క్రాస్‌ఫేడ్ (రెండు ముక్కల స్థాయిల మొత్తం మారనిది) వెయ్యి, రెండు వేర్వేరు టేకులైతే మామూలుగా ఈక్వల్ పవర్ (రెండింటి శక్తి మొత్తం మారనిది) వెయ్యి. తారుమారైతే మొదటిదాంట్లో అతుకు దగ్గర శబ్దం ఉబ్బుతుంది, రెండోదాంట్లో గుంట పడుతుంది.

అయితే ఎక్కడ కోయాలో అక్షరాలే చెబుతాయి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, కోసి కోసి తెలుసుకున్నాను. క, ట, త, ప పలికే ముందు గాలి ఒక్క క్షణం ఆగుతుంది. "చుక్క" అన్న మాటను జూమ్ చేసి చూడు. "చు" అయిపోగానే తరంగం చదునుగా పడుకుంటుంది, ఆ తర్వాత "క" పేలుతుంది. ఒత్తు ఉన్న మాటల్లో ఆ చదును ఇంకాస్త పొడవు. అక్కడ కోస్తే ఎవరి చెవికీ దొరకదు. స, శ, ష కూడా మంచి చోట్లే. వాటిలో ఉన్నది గాలి రొద, శ్రుతి ఉండదు, అందుకే రెండు టేకుల్లోని "స"లు ఇట్టే కలిసిపోతాయి. దీర్ఘం మధ్యలో మాత్రం కత్తి పెట్టకు.

నువ్వు పెట్టింది సరిగ్గా అక్కడే. రెండో చరణంలో "తడిసే వానలా" అన్నచోట "వా" మధ్యలో కోసి, ఒకటో టేక్‌నీ మూడో టేక్‌నీ కలిపావు. రెండింటిలో శ్రుతి ఒకటే, నిజమే. కానీ నోరు తెరిచిన తీరు వేరు, మైక్‌కి ఉన్న దూరం వేరు. అందుకే ఒకే మాటలో ఇద్దరు మనుషులు పాడినట్టుంది. ఆ కట్‌ని వెనక్కి జరిపి "తడిసే"లోని "స" రొదలో పెట్టి, "వానలా" మొత్తం మూడో టేక్ నుంచి తీసుకున్నాను. అతుకు మాయమైంది.

ఊపిరి తీసుకున్న చోట్లన్నీ శుభ్రంగా తుడిచేశావు. పాట వింటుంటే నాకే ఊపిరాడలేదు! ఊపిరి దాని తర్వాత వచ్చే మాటలకి చెందుతుంది, టేక్ మార్చినప్పుడు ఆ మాటలతో పాటే తెచ్చుకో. మరీ గట్టిగా వినిపిస్తే ఆ ముక్క వరకు ఆరేడు డెసిబెల్స్ తగ్గించు. పిచ్ కరెక్షన్‌కి, అంటే శ్రుతి సరిచేయడానికి, కూడా ఇదే దారి. స్వరం మొత్తంగా కిందికి ఉంటే మొత్తాన్నీ పైకి జరుపు, లోపలి ఊగులాటని చదును చేయకు. కింది నుంచి జారుకుంటూ వచ్చి స్వరాన్ని అందుకోవడం నీ గొంతులోని అందం, సాఫ్ట్‌వేర్‌కి అది తప్పులా కనిపిస్తుంది.

మిడి దగ్గరికొస్తే, కీబోర్డ్ నువ్వు బాగానే వాయించావు, తర్వాత నువ్వే దాని ప్రాణం తీశావు. మిడిలో శబ్దమంటూ ఉండదు. ఏ కీ, ఎప్పుడు, ఎంత విసురుగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న చిట్టా అది. 1983లో వచ్చిన మిడి 1.0లో ఆ విసురుకి, అంటే వెలాసిటీకి, పై హద్దు 127. నువ్వు అన్ని నోట్లనీ 100 దగ్గర నిలబెట్టావు. మంచి పియానో శాంపిళ్ళలో (అసలు పియానోని రికార్డ్ చేసిన ముక్కల్లో) వెలాసిటీ మారితే శబ్దం పెరగడం తగ్గడమే కాదు, తీగ రంగే మారుతుంది. మెత్తగా నొక్కిన నోటు వేరే రికార్డింగ్ నుంచి వస్తుంది. అదంతా పోయింది.

పైగా క్వాంటైజ్, అంటే నోట్లను తాళం గీతల మీదికి లాగడం, 100 శాతం! నీ టెంపో నిమిషానికి 90 బీట్లు. అంటే పదహారో వంతు (బీట్‌లో నాలుగో వంతు) నోటుకీ నోటుకీ మధ్య సుమారు 167 మిల్లీసెకన్లు. అందులో సగం దాటి ఆలస్యంగా పడిన నోటును సాఫ్ట్‌వేర్ తర్వాతి గీతకి ఈడ్చుకుపోతుంది. మూడో బార్‌లో (తాళపు ఆవృత్తంలో) ఎడమచేతి నోటు ఒకటి దారి తప్పినట్టు వినిపించడానికి కారణం అదే. వేళ్ళు ఒకదాని వెనక ఒకటి జారుతూ పడిన కార్డ్‌లన్నీ ఒకే దెబ్బగా మారిపోయాయి. అన్‌డూ చేసి, క్వాంటైజ్ బలం 50 శాతం దగ్గర పెట్టు. 30 మిల్లీసెకన్లు ఆలస్యమైన నోటు 15కి వస్తుంది. చాలాసార్లు అంతే చాలు. అది కూడా చెవికి తప్పుగా తోచిన నోట్లను ఎంచుకుని, వాటికే. నోట్లన్నీ ఒకే కొలతలో వెనకబడి ఉంటే ముందు నీ వేళ్ళను కాదు, లేటెన్సీని, అంటే కంప్యూటర్ చేసే ఆలస్యాన్ని, అనుమానించు. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శబ్దపు కొలతలు (శాంపిళ్ళు) తీసేటప్పుడు, 1024 శాంపిళ్ళ బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసుకునే మొత్తం) అంటేనే 21 మిల్లీసెకన్లు. క్లిప్ మొత్తాన్ని ఒక్కసారి ముందుకు జరిపితే సరి.

రెండో పల్లవి చివర కార్డ్ మోగుతూనే ఉండిపోవడం చూసి పియానో శబ్దమిచ్చే ప్లగిన్ పాడైందనుకున్నావట. ప్లగిన్‌కేం కాలేదు. సస్టెయిన్ పెడల్ మిడిలో 64వ కంట్రోలర్ (నోట్లు కాక మీటల కదలికలు రాసే సందేశం) మీద నడుస్తుంది. పెడల్ తొక్కిన గుర్తు నువ్వు కాపీ చేసిన ముక్కలో ఉంది, వదిలిన గుర్తు కోసేసిన ముక్కతో పాటు పోయింది. ముక్క చివర ఆ కంట్రోలర్‌కి సున్నా రాయి, ఆగిపోతుంది.

డ్రమ్స్ ఇంకా రికార్డ్ చేయలేదన్నావు కాబట్టి నా సిగ్గుచేటు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఎనిమిది మైకులతో తీసిన డ్రమ్స్‌లో స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్) ఆలస్యంగా ఉందని ఆ ఒక్క ట్రాక్‌నే పది మిల్లీసెకన్లు ముందుకు జరిపాను. పైన వేలాడే మైకుల్లో కూడా అదే స్నేర్ పాత చోటే మోగుతుందన్న ధ్యాసే లేదు. దెబ్బలన్నీ జంటలై, పలచబడిపోయాయి. పైగా అదే ఫైల్ మీద సేవ్ చేసి మూసేశాను. తిరిగి వరసలో పెట్టడానికి రెండు రాత్రులు పట్టింది. డ్రమ్ ట్రాకులన్నీ కలిసి కదిలేలా గ్రూప్ చేశాకే ఏ కట్ అయినా. రోజూ పని మొదలెట్టేముందు కొత్త పేరుతో సేవ్ చేసుకో.

నువ్వు కోసి పడేశాననుకున్నవి ఎక్కడికీ పోలేదు, ఆడియో ఫోల్డర్‌లో భద్రంగా ఉన్నాయి. పాట పూర్తయ్యేదాకా వాడని ఫైళ్ళను తుడిచే మీట జోలికి మాత్రం పోకు.

మళ్ళీ పంపేటప్పుడు అన్ని ట్రాకులూ మొదటి బార్ నుంచే మొదలయ్యేలా 24 బిట్ వేవ్ ఫైళ్ళు తీసి, ఫైల్ పేరులోనే టెంపో రాయి. మూడో టేక్‌ని కోయకుండా విడిగా పెట్టు. ఆ "వానలా" ఇంకోసారి వినాలనుంది.

మీ బాబాయి