ఉద్యోగం చేస్తూ డిసర్టేషన్: గంటలు లెక్కపెట్టడం ముందు ఆపండి

ఫుల్ టైమ్ ఉద్యోగం చేస్తూ డిసర్టేషన్ పూర్తి చేయగలనా, రోజుకు ఎన్ని గంటలు పెట్టాలి, కుదరకపోతే ఉద్యోగం మానేయాలా అని అడిగారు. పూర్తి చేయగలరు. నేను అకౌంట్స్ విభాగంలో పనిచేస్తూ, ప్రతి నెలాఖరుకీ వచ్చిపడే క్లోజింగ్ (ఆ నెల లెక్కలు ముగించే పని) ఒత్తిడి మధ్యలోనే నాది రాసి ముగించాను. మానేయడం గురించి చివర్లో చెబుతాను. ముందు ఆ గంటల ప్రశ్న సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు అడగాల్సింది అది కాదని నా గట్టి అభిప్రాయం.

ఆఫీసు మన గంటల్ని మాత్రమే తీసుకుంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఇంటికొచ్చాక ఇంకా రెండు మూడు గంటలు మిగులుతూనే ఉంటాయి. కానీ ఆ గంటల్లో కూర్చుంటే ఒక్క పేరా కదలదు. మీటింగులో ఎవరో అన్న మాట, రేపు పంపాల్సిన రిపోర్టు, జవాబివ్వని మెయిల్ అన్నీ తలలో తిరుగుతూనే ఉంటాయి. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో సరిగ్గా దీని మీదే ఒక పేపర్ ప్రచురించారు. ఒక పని ముగియకుండా ఇంకో పనిలోకి వెళ్తే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని, దానివల్ల కొత్త పని దెబ్బతింటుందని ఆవిడ చూపించారు. ఆఫీసు నుంచి వచ్చి లాప్‌టాప్ తెరిచిన ప్రతివాళ్లకీ ఇది తెలిసిన విషయమే.

అందుకే నా సలహా ఒక్కటే. మీ తల ఆఫీసుకి వెళ్లకముందే డిసర్టేషన్‌కి ఇచ్చేయండి. నిద్ర లేవగానే, ఫోన్ చూడకముందు, మెయిల్ తెరవకముందు కూర్చోండి. గంట దొరికితే గంట, అరగంట దొరికితే అరగంట. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లయితే షిఫ్టుకి ముందు. ఆ కాసేపట్లో రాయడం, ఆలోచించడం తప్ప ఇంకేం చేయకండి. రిఫరెన్సులు సరిచేయడం, ఇంటర్వ్యూ రికార్డింగులు విని టైప్ చేయడం, టేబుళ్లకు నంబర్లు వేయడం, పేపర్లు డౌన్‌లోడ్ చేసి సర్దుకోవడం, ఇవన్నీ సాయంత్రానికి ఉంచండి. అలసిపోయిన తలతో కూడా అవి జరిగిపోతాయి.

"శని, ఆదివారాలు ఉన్నాయిగా, అప్పుడు రాసుకోవచ్చుగా" అనే వాళ్ల మాట మాత్రం దయచేసి వినకండి. ఈ సలహా నాకు ఎంతమంది ఇచ్చారో! ఐదు రోజులు ముట్టుకోని అధ్యాయాన్ని శనివారం తెరిస్తే, అసలు ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే మధ్యాహ్నం అవుతుంది. ఆదివారం సాయంత్రానికి పని ఊపందుకుంటుంది, సోమవారం మళ్లీ ఆఫీసు. ఒక్క రోజు కూడా సెలవు లేకుండా నెలల తరబడి నడిస్తే మనిషి కూడా మిగలడు. రోజూ కొంచెం రాయండి, వారంలో ఒక రోజు పూర్తిగా వదిలేయండి. రాబర్ట్ బోయిస్ అనే మనస్తత్వవేత్త విశ్వవిద్యాలయ అధ్యాపకులు రాసే తీరును ఏళ్ల తరబడి గమనించారు. పెద్ద ఖాళీ సమయం కోసం ఎదురుచూసినవాళ్ల కంటే రోజూ కొద్దిసేపు కూర్చున్నవాళ్లే ఎక్కువ రాశారని ఆయనకి తేలింది. నా అనుభవమూ అదే.

ఇప్పుడు ఒక వారం గురించి చెప్పాలి. ఉద్యోగం డిసర్టేషన్‌కి అడ్డం అనే మాట మీద నాకు నమ్మకం పోయింది ఆ వారంలోనే.

నా విషయం, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆఫీసుల్లో మనుషులు పని ఎలా మార్చుకుంటారు అన్నది. ఇంటర్వ్యూలన్నీ అయిపోయాయి. విశ్లేషణ అధ్యాయం సోమవారానికి గైడ్‌కి పంపాలి. సరిగ్గా అదే వారం నెలాఖరు. గురువారం తెల్లవారుజామున రాస్తుంటే మా సెక్షన్ నుంచి ఫోన్. ట్రయల్ బ్యాలెన్స్ కలవడం లేదు, అంటే అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానంగా రావడం లేదు, 4,500 తేడా వస్తోంది, త్వరగా రమ్మన్నారు. నేను రాస్తున్న వాక్యం తర్వాత ఏం రాయాలనుకున్నానో ఒక్క లైను కింద టైప్ చేసి లేచాను. (ఈ ఒక్క లైను అలవాటు చేసుకోండి. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అని తడుముకునే పని ఉండదు.)

లెక్కల్లో పనిచేసేవాళ్లకి ఒక చిట్కా తెలుసు. తేడాని 9తో భాగించి చూస్తారు. శేషం లేకుండా పోతే ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయని అనుమానం. 4,500 అలా పోతుంది. దాంతో అందరం మొత్తాల మీద పడ్డాం. ఈ ఖాతా మొత్తం, ఆ ఖాతా మొత్తం, పోయిన నెలతో పోలిక. మధ్యాహ్నం దాటినా దొరకలేదు. టెన్షన్ పెరిగిపోతోంది. అప్పుడు మా సెక్షన్‌లో అందరికంటే సీనియర్, "మొత్తాలు వదిలేయండమ్మా, ఒక్కో వోచరు తీసుకుని మొదటినుంచి చివరిదాకా నడవండి" అన్నారు. విసుగు పుట్టించే పని. కానీ సాయంత్రం లోపు దొరికింది. 7,260 వేయాల్సిన చోట 2,760 పడింది.

ఆ రాత్రి ఇంటికి వెళ్తుంటే నా అధ్యాయం గుర్తొచ్చింది. దాంట్లో నేను మూడు అంశాలు తేల్చి పెట్టుకున్నాను: వయసు పెరిగేకొద్దీ భయం, శిక్షణ చాలకపోవడం, పనిభారం. ఇంటర్వ్యూలన్నిటినీ ముక్కలు చేసి ఈ మూడింటి కిందా సర్దాను. అంటే అవి మొత్తాలు. ఏ ఒక్క ఇంటర్వ్యూనీ ఒక వోచరులా మొదటినుంచి చివరిదాకా నడవలేదు.

మర్నాడు పొద్దున అదే పని చేశాను. రిటైర్మెంటుకి దగ్గర పడిన ఒక ఉద్యోగి ఇంటర్వ్యూ తీసుకుని, కోడింగ్ (మాటల్ని ముక్కలు చేసి అంశాల పేర్లు తగిలించడం) పక్కన పెట్టి, మనిషి మాట్లాడినట్టుగానే చదివాను. వయసు ప్రకారం ఆయన భయపడాలి. ఆయన భయపడలేదు, సరికదా అందరికంటే ముందు నేర్చుకున్నారు. పాత పద్ధతిలో ప్రతి ఫైలుకీ ఇంకొకరిని అడగాల్సి వచ్చేది, ఇప్పుడు తానే తెరిచి చూసుకుంటున్నానన్నది ఆయన మాట. అంటే అసలు సంగతి వయసు కాదు, ఎవరి మీద ఎవరు ఆధారపడాల్సి వస్తోంది అన్నది. మిగతావి కూడా అదే కన్నుతో చదివితే భయపడ్డవాళ్ల కథ కూడా మారిపోయింది. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఎవరి చేతిలోంచి ఫైళ్లు జారిపోయాయో వాళ్లే ఎక్కువ భయపడ్డారు.

సోమవారం గైడ్‌కి పంపింది ఆ కొత్త రూపమే. పరిశోధనలో దీన్ని నెగెటివ్ కేస్ విశ్లేషణ అంటారు, మన వాదనకి ఎదురు నిలిచే ఉదాహరణని వెతికి పట్టుకుని దాన్నిబట్టి వాదనని సరిదిద్దడం. గైడ్ ఆ భాగాన్ని అధ్యాయం మొదట్లోకి తెమ్మన్నారు. ఆ నెలాఖరు లేకపోతే నా డిసర్టేషన్‌లో అన్నిటికంటే బలమైన భాగం పుట్టేదే కాదు.

అందుకే, ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లే మంచి డిసర్టేషన్ రాస్తారని నేను నమ్ముతాను. పనిలో చేయి తిరిగినవాళ్లకి ఆధారం అంటే ఏమిటో, గడువు అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. ఐన్‌స్టీన్ 1905లో జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి అణువుల పరిమాణం మీద తన డాక్టరేట్ థీసిస్ సమర్పించినప్పుడు బెర్న్‌లోని పేటెంట్ ఆఫీసు ఉద్యోగి. 1902 నుంచి అక్కడే పని, రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. మనమంతా ఐన్‌స్టీన్లం కాదన్నది నిజమే. కానీ ఉద్యోగం చేస్తే ఆలోచన పదును పోతుందనేవాళ్లకి నేను ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తాను.

మేనేజర్‌కి చెప్పాలా వద్దా అని చాలామంది సందేహపడతారు. చెప్పండి. దాచిపెట్టి చదవడంలో ఉండే అలసట చదువులో ఉండదు. అయితే "నేను చదువుకుంటున్నాను, కొంచెం చూసుకోండి" అని గాలిలో చెప్పకండి. ఏ నెలలో ఏ అధ్యాయం ఇవ్వాలి, ఏ వారంలో సెలవు కావాలి, ఏ వేళలో ఫోన్ ఎత్తను అన్నది ఒక కాగితం మీద పెట్టి చూపించండి. మా మేనేజర్ ఆ కాగితం చూసి నా క్లోజింగ్ పనుల్లో రెండింటిని వేరేవాళ్లకి మార్చారు. నోటిమాటగా అడిగి ఉంటే అది జరిగేది కాదు.

ఆఫీసు సమాచారాన్ని పరిశోధనకి వాడుకుంటే మాత్రం రాతపూర్వక అనుమతి తప్పనిసరి, మీ విశ్వవిద్యాలయంలో ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకి నష్టం జరగకుండా చూసే కమిటీ) ఉంటే దాని అనుమతి కూడా తీసుకోండి. మీ సహోద్యోగులనే ఇంటర్వ్యూ చేస్తుంటే ఇంకా జాగ్రత్త, పేర్లు తీసేసినా హోదా చూసి మనిషిని గుర్తుపట్టేస్తారు. డిసర్టేషన్ ఫైళ్లు ఆఫీసు లాప్‌టాప్‌లో అస్సలు పెట్టకండి. ఉద్యోగం మారిన రోజున అది తిరిగి ఇచ్చేయాలి. రిఫరెన్సులకి జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మొదటి రోజు నుంచే వాడండి, చివర్లో మొదలుపెడితే ఆ నెల మొత్తం అదే పని.

ఇక విశ్వవిద్యాలయాల మీద నాకున్న బాధ కూడా చెప్పుకోవాలి. ఉద్యోగస్తులకని పార్ట్ టైమ్ కోర్సు పెడతారు, సెమినార్లేమో పని దినాల్లో మధ్యాహ్నం పెడతారు. ఒక్క సంతకం కోసం నేను సగం రోజు సెలవు పెట్టాను, తీరా వెళ్తే సంతకం పెట్టాల్సినవారు ఆ రోజు రాలేదు. ఎడమ మార్జిన్ తేడా వచ్చిందని మొత్తం ప్రింటు వెనక్కి పంపారు. విషయం మీద ఒక్క మాట లేదు. పనిచేస్తూ చదివేవాళ్లకి సెలవు అంటే రక్తం లాంటిది. ఒక మెయిల్‌తో తేలే పనికి దాన్ని ఖర్చు చేయించడం అన్యాయం. ఇలాంటి పనులన్నీ మెయిల్‌లో జరిగేలా మీరు మొదటి నెలలోనే అడిగి ఒప్పించుకోండి.

ఉద్యోగం మానేయాలా అన్నారు కదా. మానేయకండి. జీతం ఆగిపోతే వచ్చే దిగులు కూడా తలలోనే కూర్చుంటుంది, ఆఫీసు కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. దాని బదులు సెలవులు కూడబెట్టండి. మొదట్లో ఒకటీ అరా వాడేయకుండా, అధ్యాయాలన్నిటినీ ఒక్క చోట చేర్చి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగరాసే దశకి అన్నీ కలిపి ఒకేసారి పెట్టండి. ఆ ఒక్క పని మాత్రం పొద్దుటి అరగంటల్లో అవ్వదు. ఆరోగ్యం వల్లో ఇంట్లో పరిస్థితుల వల్లో అసలే సాగకపోతే, చాలా విశ్వవిద్యాలయాల్లో కొంతకాలం నమోదు ఆపి మళ్లీ కొనసాగించే వీలు ఉంటుంది, గడువు పొడిగింపూ ఉంటుంది. గడువు దాటకముందే దరఖాస్తు పెట్టండి, గైడ్ చేత ఒక సిఫారసు మెయిల్ కూడా పెట్టించండి.