హెబ్రాన్ వెళ్తున్న నీకు

అమ్మాయీ,

వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రాన్‌కి వెళ్తున్నావనీ, అక్కడ పాలస్తీనా కుటుంబాల వాంగ్మూలాలు రాసే పనిలో చేరుతున్నావనీ తెలిసినప్పటి నుంచి మీ అమ్మకి నిద్ర లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది. అయినా వద్దని చెప్పను. నిజనిర్ధారణ బృందాలతో ఇరవై ఏళ్ళు మన పల్లెలు తిరిగినదాన్ని కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు నేను చేసిన ఒక తప్పు విను. ఒక ఊళ్ళో రాత్రిపూట పోలీసులు ఇళ్ళ మీద పడ్డారు. ‘ఆరుగురు వచ్చారమ్మా’ అంది ఒకావిడ. నిజానికి ఆమె కళ్ళారా చూసింది నలుగుర్నే. మిగతా ఇద్దరి సంగతి పక్కింటివాళ్ళు చెప్పగా విన్నది. నేను ఆ తేడా అడగలేదు. ఆరుగుర్ని చూసిందనే రాసేశాను. విచారణలో ఆమె నలుగురే అంది. అంతే, ఆ అంకె పట్టుకుని నివేదిక మొత్తం అబద్ధమన్నారు. ఆమె వీపు మీద తేలిన లాఠీ వాతల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బయటికొస్తూ ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే ప్రతి వాక్యం దగ్గరా ఆగు. చూశారా, విన్నారా, ఎవరు చెప్పగా విన్నారు? విడివిడిగా రాయి. ‘కొట్టారా?’ అని అడగకు, ‘తలుపు తీశాక ఏమైంది?’ అని అడిగి ఊరుకో. టైమ్ గుర్తులేదంటే, ఫజర్ (తెల్లవారుజాము నమాజు) అజాన్‌కి ముందా తర్వాతా అని అడుగు. వచ్చింది సైనికులా, బోర్డర్ పోలీసులా, తుపాకీ పట్టుకున్న సెటిలర్లా (అక్కడ కాలనీలు కట్టుకుని ఉంటున్న ఇజ్రాయెలీలు) అన్నది తేల్చుకో. యూనిఫాం, జీపు నంబరు, మాట్లాడిన భాష, ఏది గుర్తుంటే అది రాయి. యుద్ధంలో, ఆక్రమణలో మామూలు జనాన్ని కాపాడడానికి రాసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం వెళ్ళేలోపే చదువు. సమష్టి శిక్షల (ఒకరు చేసినదానికి అందర్నీ శిక్షించడం) గురించి 33వ అధికరణం, ఆస్తుల ధ్వంసం గురించి 53వది తెలిసి ఉంటే, కూలిన ఇంటి ముందు నిలబడినప్పుడు ఏం అడగాలో నీకే తడుతుంది. ఆర్డరు చూపించారా? సామాను తీసుకోడానికి ఎంతసేపు ఇచ్చారు?

మనకు ఇబ్బంది కలిగించే నిజాన్ని కూడా దాచకు. 2016 మార్చిలో అదే హెబ్రాన్‌లో, గాయపడి కదలకుండా నేల మీద పడి ఉన్న పాలస్తీనా యువకుడి తలలోకి ఒక ఇజ్రాయెల్ సైనికుడు కాల్చాడు. ఇజ్రాయెల్‌లోని మానవ హక్కుల సంస్థ బెత్‌సెలెం వాలంటీరు అది వీడియో తీశాడు. ఆ యువకుడు అంతకుముందే ఒక సైనికుణ్ణి కత్తితో పొడిచాడు. అదీ రాయాల్సిందే. అది రాసినంత మాత్రాన కాల్పులు న్యాయమైపోవు. సైనిక కోర్టు ఆ సైనికుణ్ణి నరహత్య కింద దోషిగా తేల్చి 18 నెలల శిక్ష వేసింది, తొమ్మిది నెలలకే అతను బయటికొచ్చాడు. శిక్ష చూస్తే కడుపు రగిలిపోతుంది. కానీ ఆ వీడియో లేకపోతే ఆ మాత్రం కేసు కూడా నిలిచేది కాదని నా నమ్మకం.

వీడియోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, తేదీ, స్థలం వివరాలు పోతాయి. ఒరిజినల్ ఫైలును కట్ చేయకు, పేరు కూడా మార్చకు.

అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు మూడు నెలలకి తిరిగొస్తావు, వాళ్ళు అక్కడే ఉంటారు. పేరు వాడొచ్చా, ఫొటో వేయొచ్చా, కోర్టుకి ఇవ్వొచ్చా అని ఒక్కొక్కటీ వేరుగా అడుగు. ఒకసారి సరేనన్నవాళ్ళు మర్నాడు వద్దంటే మారుమాట లేకుండా తీసెయ్. పేర్లు ఒక చోట, వాంగ్మూలాలు ఇంకో చోట ఉంచు. 1979 నుంచి ఈ పని చేస్తున్న పాలస్తీనా మానవ హక్కుల సంస్థ అల్-హక్‌నే ఇజ్రాయెల్ ప్రభుత్వం 2021లో ఉగ్రవాద సంస్థ అని ప్రకటించింది. మామూలు ఇల్లాలికి ఎవరు అడ్డం నిలబడతారు? పిల్లలతో ఇప్పటికే ఎవరైనా మాట్లాడి ఉంటే ఆ కాగితాలు తెచ్చుకో, ఆ రాత్రిని వాళ్ళతో మళ్ళీ చెప్పించకు.

రాసింది వాళ్ళ భాషలో చదివి వినిపించాకే లేచి రా. టీ ఇస్తే పెన్ను పక్కన పెట్టి తాగు.

చేరగానే మెసేజ్ పెట్టు తల్లీ. ఎవరింటికి వెళ్ళావో మాత్రం అందులో రాయకు.

మీ పెద్దమ్మ