గోదావరి ఆరేదాకా

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీటిరంగులు పక్కన పెట్టేసి, వరద గోదావరిని ఆయిల్ రంగుల్లో, రంగు పూసే కత్తితో, మందంగా వేస్తున్నావట కదా. నాలుగడుగుల బొమ్మట. డిసెంబరులో ప్రదర్శనట. రాత్రంతా నాకు నిద్ర లేదు. సంతోషం ఎంతో, భయమూ అంతే.

చిన్నప్పుడు రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీకి తీసుకెళ్ళాను, గుర్తుందా? ఆయన 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే పోయారని చెబితే, "మరి మిగతా బొమ్మలు ఎవరు వేస్తారు మావయ్యా?" అన్నావు.

సరే, పని సంగతి. మందంగా వేసేటప్పుడు కాన్వాసు గుడ్డ కన్నా చెక్క పలక నయం. కింది పొరలో నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. ఆయిల్ మీద అక్రిలిక్ వద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఆరడం దగ్గరే నాకు భయం. నీటిరంగులో నీళ్ళు ఆవిరైపోతే పని అయిపోయినట్టే. ఆయిల్ అలా కాదు, గాలి పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. మందంగా వేస్తే పాల మీద మీగడలా పైన పొర కడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.

నీ వయసులో నేను పాపికొండల మీద శ్రావణ మేఘాలు వేశాను. తెల్లరంగు ట్యూబులు రెండు ఆకాశానికే పోయాయి. ఒకాయన కొంటానన్నారు, పెళ్ళిరోజుకి కావాలన్నారు. మూడు వారాలయ్యాక వేలితో తాకి చూశాను. అంటలేదు. ఆరిపోయిందనుకుని వార్తాపత్రిక చుట్టి, తాడు బిగించి, మే నెల ఎండలో బస్సు టాపు మీద పంపించాను. ఆయన ఇంట్లో విప్పితే కాగితం రాలేదు. లాగితే మేఘం పైపొర కాగితంతో పాటే లేచొచ్చింది. కింద రంగు వెన్నలా మెత్తగా ఉంది. మిగిలినచోట అక్షరాలు తిరగబడి అచ్చుపడ్డాయి. కొండ మీద సినిమా ప్రకటన! ఆయన ఒక్క మాటా అనలేదు, డబ్బు కూడా వెనక్కి అడగలేదు. అదే ఇప్పటికీ కలుక్కుమంటుంది. ఆ తర్వాత ఆరేళ్ళు కత్తి ముట్టుకోలేదే. ఆ ఆరేళ్ళు నీకు పోకూడదు.

అందుకే చెబుతున్నా, డిసెంబరు మాట మరిచిపో. చిన్న బొమ్మలు పంపు. పెద్దది గోడకి ఆనించి, దుమ్ము పడకుండా ఉంచు. వార్నిష్ ఆరు నెలలకో ఏడాదికో, అదీ గట్టిపడిందని రూఢి చేసుకున్నాకే. ఎవరు తొందరపెట్టినా ఇవ్వకు. మొండిదానివి, ఆ మొండితనం ఇక్కడ చూపించు.

ఇంకొకటి, నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి బయట పెట్టు. పడుకునే గదిలో టర్పెంటైన్ సీసా తెరవకు తల్లీ.

బొమ్మంతా ఒకే మందాన పూయకు. వరదప్పుడు చిక్కగా ఉండేది నీరే, ఆకాశం కాదు. ఎర్రమట్టి సుళ్ళు తిరిగేచోట కత్తి నిండా రంగు తీసి ఒక్కసారే పెట్టు, మళ్ళీ సవరించకు. ఆకాశం పల్చగా వదిలెయ్. నేను చేసింది సరిగ్గా దానికి తలకిందులు. రంగు ఖరీదని పిసినారితనం చేయకు, ట్యూబులకి డబ్బు పంపుతాను.

ఆదివారం మీ నాన్న వస్తున్నాడు. నా పాత కత్తి ఇచ్చి పంపుతున్నాను. పిడి వదులైతే దారం చుట్టాను, పట్టుకుంటే బొటనవేలి కింద ముడి తగులుతుంది, కంగారుపడకు.

మీ మావయ్య