దాణాలో మందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: దాణా సొంతంగా ఆడించుకుంటాం. టన్నుకు అరకిలో బీఎండీ (బాసిట్రాసిన్ అనే యాంటీబయాటిక్) 10 శాతం పొడి కలిపేవాళ్లం. హైదరాబాద్ హోటళ్లవాళ్లు యాంటీబయాటిక్ లేని కోడి అడుగుతున్నారని ఆపేశాం. మూడో వారంలో మరణాలు మొదలయ్యాయి. ఎందుకని?
– బ్రాయిలర్ రైతు, షాద్‌నగర్

జవాబు: ఆ అరకిలోలో అసలు మందు 50 గ్రాములే, అంటే 50 పీపీఎం (పది లక్షల భాగాల దాణాలో 50 భాగాలు). అది జబ్బు నయం చేసే మోతాదు కాదు. పేగుల్లో క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియాను అణచి ఉంచుతుంది, అంతే. షెడ్డులో లోపాలున్నా అన్నాళ్లూ బయటపడవు.

మూడో వారంలోనే ఎందుకంటే, రక్తపారుడు (కాక్సిడియోసిస్) క్రిములు పేగు పొరను దెబ్బతీసేది సుమారుగా అప్పుడే. కారిన మాంసకృత్తులు క్లాస్ట్రీడియంకు మేతవుతాయి. చచ్చిన కోడిని కోయించండి. చిన్నపేగు ఉబ్బి, లోపలి పొర టర్కీ టవల్‌లా గరుకుగా ఉంటే నెక్రోటిక్ ఎంటరైటిస్ (పేగు పొర కుళ్లే జబ్బు)‌గా అనుమానించాలి. నిర్ధారణకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చూపించండి.

బీఎండీతోపాటు రక్తపారుడు మందు కూడా ఆపేశారా? చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. రక్తపారుడుకు వాడే సాలినోమైసిన్ 12 శాతం పొడి టన్నుకు 500 గ్రాములు (60 పీపీఎం) కొనసాగించండి. అది వాడే రోజుల్లో టియామ్యులిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం ఇవ్వొద్దు, రెండూ కలిస్తే విషం. కొందరు కొనుగోలుదారులు సాలినోమైసిన్‌నూ యాంటీబయాటిక్‌గానే లెక్కేస్తారు, హోటల్‌వాళ్లను ముందే అడగండి.

ఏ పొడినైనా నేరుగా మిక్సర్‌లో పోస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. ముందు ఐదారు కిలోల మొక్కజొన్న పిండిలో కలిపి, ఆ తర్వాతే వేయండి.

షెడ్డులో పరిచిన ఊకను గుప్పిట్లో పిసికి వదలండి. ముద్దగానే నిలిచిందంటే తడి ఎక్కువైనట్టే. కోళ్లు నీళ్లు తాగే నిపుల్ కారుతోందా, దాణాలో ఉప్పు ఎక్కువైందా చూసి, ఊకను రోజూ తిరగేయండి. నాసిరకం చేపపొడి మానేయండి. తాగే నీళ్లు వెయ్యి లీటర్లకు సుమారు 10 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ చాలు. ఆసిడిఫైయర్‌ను (నీటిలో కలిపే ఆమ్లం) అదే ట్యాంకులో కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. టీకా నీళ్లలో ఇచ్చేటప్పుడు ఒకరోజు ముందు నుంచే బ్లీచింగ్ ఆపాలి.

మొదట ఒక్క షెడ్డులోనే, పిల్లలు దిగిన రోజు నుంచే బీఎండీ లేకుండా పెంచి చూడండి. దాణా ఖర్చు కొంత పెరగొచ్చు, ఆ లెక్కతోనే హోటల్ ధర మాట్లాడుకోండి. పాత బస్తాల్లో కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు దాని తయారీ, అమ్మకం, పంపిణీని 2019 జూలైలోనే నిషేధించారు.

ప్రశ్న: 30వ రోజున ఎన్‌రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాం. 38వ రోజున అమ్మొచ్చా?
– చేవెళ్ల

జవాబు: సీసా లేబుల్ మీద మాంసానికి ఎన్ని రోజుల గడువు రాసి ఉంటే అన్ని రోజులు ఆగాలి. ఏమీ రాయకపోతే మన ఔషధ నిబంధనల ప్రకారం మాంసానికి కనీసం 28 రోజులు, గుడ్లకు 7 రోజులు. ఆ లెక్కన 38కి కుదరదు. లేబుల్ లేని సీసా కొనకపోవడమే మేలు.

ప్రశ్న: బాగా ఉడికిస్తే మందు అవశేషాలు పోతాయా? నాటుకోడి తింటే ఇబ్బంది లేదా?
– గృహిణి, మెహదీపట్నం

జవాబు: బ్యాక్టీరియా చస్తుంది. మందు అవశేషాలు పూర్తిగా పోతాయన్న నమ్మకం లేదు. అవి కార్జంలో సాధారణంగా ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా మాత్రం వంటింట్లో పచ్చి మాంసం నుంచే అంటుతుంది. కుళాయి కింద చికెన్ కడిగితే తుంపర్లు చుట్టూ పడతాయి. అదే కత్తితో కీరా కోయకండి. నాటుకోడి పేరుతో అమ్మేవాటిలో షెడ్డులో పెంచిన సంకరరకాలూ ఉంటాయి, కాబట్టి రకాన్ని బట్టి మందు లేదనుకోలేం. పెంచినవాళ్లను అడగాల్సిందే.